రెండో పిడి

యుద్ధం ఆగిన మరుసటి వేసవిలో నేను గునపం కొనుక్కొస్తానని విజయనగరం వెళ్లి రంపం కొనుక్కొచ్చాను. ఈ సంగతి తలుచుకుని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, నాకేం నష్టం లేదు. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి కోడిపందేల పిచ్చి, నాకు పనిముట్ల పిచ్చి. ఎవరి భుజం మీదైనా మంచి గొడ్డలి కనిపిస్తే దాని అంచు బొటనవేలితో తడిమి చూస్తే గాని నా కాళ్లు ముందుకి పడవు.

మాది నెల్లిమర్లకి అవతల, చంపావతి ఏటి గట్టున ఓ చిన్న ఊరు. కాస్త మెట్ట, నూతి కింద కొన్ని మళ్లు, నూతి పక్కన ఓ నేరేడు చెట్టు, గట్ల మీద నాలుగు మామిడి చెట్లు, జీడి తుప్పలు, ఇవే మా ఆస్తి. నేనూ మా అన్న అసిరయ్యా కలిసే సేద్యం చేసుకుంటాం. వదిన పోయి చాలా కాలమైంది. అన్న మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఇంట్లో ఆడదిక్కు నా భార్య గురమ్మ ఒక్కతే.

విజయనగరంలో జగన్నాధం శెట్టిగారికి ఇనప సామాన్ల కొట్టు ఉంది. విశాఖపట్నం వైపు దిగిన మిలిటరీవాళ్లు పోతూ పోతూ వదిలేసిన సామానంతా వేలంలో పాడి, కొట్టు నిండా గుట్టలు పోశాడు. డేరా గుడ్డలు, నీళ్ల డబ్బాలు, పొట్టి పిడుల పారలు, ఎందుకు పనికొస్తాయో ఆయనకే తెలియని ఇనప కొక్కేలు. గునపాలు ఒక మూల నిలబెట్టి ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్తూ ఉంటే గోడకి ఆనించిన రంపాలు కనిపించాయి. ఇక గునపం నా మనసులోంచి జారిపోయింది.

శెట్టిగారు నా కళ్లు చూసి మనిషిని చదివేశాడు. అడగకుండానే మూడు రంపాలు తీసి నా ముందు పరిచాడు. ఒకటి వడ్రంగి చేతి విల్లు రంపం, అది కొమ్మలకి తప్ప మానులకి పనికిరాదు. ఇంకొకటి ఒంటి పిడిది, ఒక మనిషే కోసుకోవచ్చు గాని లావు మానైతే మనిషి సగంలో కూలబడతాడు. మూడోది మిలిటరీది. మనిషి పొడవుంది. రెండు కొసలా రెండు కర్ర పిడులు. చెరో పక్కా ఒక మనిషి పట్టి లాగాలి. దాన్ని కొంచెం వంచి వదిలాను. ఖంగుమని మోగి గీత గీసినట్టు తిన్నగా నిలబడింది. పళ్ల మీదుగా కన్ను పెట్టి చూశాను. ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకి వాలి ఉన్నాయి. నాలుగేసి పళ్లకి ఒక లోతైన సందు. అది పొట్టుని బయటికి తోడడానికట. అంత మంచి ఇనుము నేను అంతకు ముందు ముట్టుకోలేదు.

"రెండో పిడి ఎవరు పడతారు నాయుడూ?" అని అడిగాడు శెట్టిగారు.

మా అన్న ఉన్నాడు గదా అన్నాను. అయితే తీసుకెళ్లమన్నాడు. ఈ రకం రంపం కొనేవాళ్లంతా పళ్లు చూస్తారు గాని అవతలి మనిషి ఎవరో ఆలోచించరని, తర్వాత తుప్పు పట్టించుకుని మళ్లీ తన కొట్టుకే తెస్తారని నవ్వాడు. నాకు ఆ గొడవ లేదని గర్వంగా చెప్పి, రంపాన్ని గోనెగుడ్డలో చుట్టించుకుని రైలెక్కాను. నెల్లిమర్ల స్టేషన్‌లో దిగేదాకా పెట్టెలోవాళ్లు అందులో ఏముందని అడుగుతూనే ఉన్నారు. విప్పి చూపిస్తూనే ఉన్నాను.

గురమ్మకి మాత్రం నచ్చలేదు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని రంపాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. "గునపం ఏది?" అంది. నేను రంపం గుణాలు చెప్పబోతే, మన నాలుగు చెట్లకి ఇంత రంపమా, దీంతో ఏటి కోస్తావు, తోటకూరా అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ చిరాకులో న్యాయం ఉంది. ఆ గునపం ఆవిడ మళ్ల కోసమే.

ఆ మళ్ల సంగతి చెప్పాలి. యుద్ధకాలంలో కంట్రోలు బియ్యం తిని మా ఇంట్లో అందరి కడుపులూ చెడ్డాయి. ముక్కిపోయిన బియ్యం, అందులో రాళ్లు. ఈ ఏడు ఎలాగైనా చోడి, అదే రాగి, వేసుకుని మన అంబలి మనం తాగాలని గురమ్మ పట్టుబట్టింది. వానలు పడ్డాక నారు పోస్తే ఆలస్యమవుతుందని, రోహిణిలోనే నూతి నీళ్లతో నారు పెంచి తొలకరికి ఊడ్చుకోవచ్చని ఆవిడ ఆలోచన. పార్వతీపురం వైపు ఉన్న కన్నవారింటికి వెళ్లి మంచి విత్తనం మూట కట్టుకొచ్చింది. మళ్లు తానే చదును చేసి, తానే విత్తనం జల్లి, రోజూ సందేళ నీళ్లు కట్టించింది. నారు పచ్చగా లేచింది. ఆ విత్తనం మళ్లీ దొరికేది కాదు. అక్కడ కూడా అందరూ చల్లేసుకున్నారు. ఆ నారు పోతే ఆ ఏడు మాకు చోడి లేనట్టే.

అన్నకి మొదట్లో ఈ ఆలోచన నచ్చలేదు. ఎప్పటిలా వేరుశనగ వేద్దామన్నాడు. కాని ఆ మాట గురమ్మతో అనలేదు. నాతో అన్నాడు. గురమ్మ తన జవాబు అన్నతో చెప్పలేదు. నాతో చెప్పింది. ఎందుకంటే వాళ్లిద్దరూ మాట్లాడుకోరు.

తగువు ఉండి కాదు. మా వైపు కోడలు బావగారి ఎదట పడదు, మొహం చూడదు, నేరుగా మాట్లాడదు. అది మర్యాద. చాలా ఇళ్లలో అత్తో తోడికోడలో మధ్యలో ఉండి ఆ మర్యాదని కాస్త సడలిస్తారు. మా ఇంట్లో మధ్యనున్నది నేనే. వచ్చిన కొత్తలో ఎలా ఉండేదో కొడుకులు పుట్టి పెళ్లీడుకొస్తున్నా గురమ్మ అలాగే ఉంది. అన్న ఇంట్లోకి వస్తే ఆవిడ ముసుగు లాక్కుని తలుపు చాటుకి పోతుంది. కంచం గడపలో పెట్టి, పెయ్యదూడ వైపు తిరిగి, "ఒలే పెయ్యా, అంబలి సల్లారిపోతన్నాది" అంటుంది. అన్న వచ్చి కూర్చుంటాడు. చాలు, ఇంకొంచెం, ఉప్పు తక్కువైంది, రేపు సంతకి వెళ్తున్నాను, ఇవన్నీ అన్న నాకు చెప్తాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్న గురమ్మకి చెప్తాను. ఆవిడ అన్నీ విని ఉంటుంది. అయినా నేను చెప్పేదాకా విననట్టే ఉంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ నాకు నోటికి తెరిపి లేదు.

రోహిణి ఎండలు మండుతూ ఉండగా ఒక సాయంత్రం గాలి లేచింది. వాన కంటే గాలే ఎక్కువ. తాటాకులు విసురుగా వచ్చి వాకిట్లో పడుతున్నాయి. మా ఇంటి కప్పు లేచిపోతోందని తాడు పట్టుకుని నేను పైకెక్కాను. ఎక్కిన మనిషిని దింపడానికి గాలికి నిచ్చెన అక్కర్లేదు. కింద పడ్డాను, కుడి మణికట్టు విరిగింది. మర్నాడు ఎముకలు కట్టే ముసలాయన వచ్చి కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టించి వెదురు దబ్బలు పెట్టి బిగించాడు. నొప్పికి నేను ఆయన్ని తిట్టిన తిట్లు ఆయన మనవలకి కూడా సరిపోతాయి.

నా చెయ్యి ఒక లెక్క కాదు. తెల్లారి నూతి దగ్గరికి వెళ్లి చూస్తే మా నేరేడు చెట్టు వేళ్లతో సహా లేచి నూతి మీద అడ్డంగా పడి ఉంది. నీళ్లు తోడే ఏతం మాత్రం చెక్కు చెదరలేదు. ఏతం ఉండి ఏం లాభం, బాన దిగడానికి సందు లేదు. మాను నూతి నోటిని మూసేసింది. కొమ్మల నిండా పళ్లు, పళ్లన్నీ చితికి రాతికట్టు నల్లగా ఊదాగా అయిపోయింది. కురిసిన నాలుగు చినుకులూ పొద్దెక్కేసరికి ఆవిరైపోయాయి. గురమ్మ నారుమళ్ల గట్టు మీద నిలబడి చెట్టు వంక, మళ్ల వంక మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ముందు ఎడ్లని కట్టి లాగించాం. వేళ్లు ఇంకా సగం నేలలోనే ఉన్నాయి, మాను కదల్లేదు, తాడు తెగింది. అన్న గొడ్డలి తీసుకుని నూతికి అవతల పడ్డ కొమ్మలన్నీ కొట్టేశాడు. ఆ తర్వాత వేళ్ల వైపు మాను మీద నాలుగు దెబ్బలు వేశాడో లేదో నూతిలో బుడుంగుమంది. ఇంకో దెబ్బకి మళ్లీ బుడుంగు. దెబ్బ దెబ్బకీ మాను అదిరి, నూతి కట్టు రాళ్లు లోపలికి రాలుతున్నాయి. నాన్న కట్టించిన నుయ్యి అది. అన్న గొడ్డలి పక్కన పెట్టేశాడు.

"రంపం తప్ప గతి నేదురా" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు, చెప్పుకోకూడదు గాని, నొప్పిలో కూడా నాకు ఒళ్లు పొంగింది. గోనెగుడ్డ విప్పి రంపాన్ని ఎడం చేత్తో మోసుకొచ్చాను. తెచ్చాక తెలిసింది నా కుడి చెయ్యి మెళ్లో వేలాడుతోందని. శెట్టిగారు అడిగిన రెండో పిడికి మనిషి లేడు. ఊళ్లో ఎవర్ని పిలుద్దామన్నా అందరి కప్పులూ ఎగిరిపోయి ఉన్నాయి, ఎవరి ఇంటి మీద వాళ్లున్నారు. మిగిలిన మగవాళ్లు, మా కొడుకులతో సహా, నెల్లిమర్ల జనపనార మిల్లులో ఉన్నారు. ఎవరో ఒకరు ఖాళీ అయ్యేదాకా ఆగుదామంటే నారు ఆగేలా లేదు. అప్పటికే కొసలు వాడి వంగిపోతున్నాయి. కడవలతో చెరువు నీళ్లు తెచ్చి పొయ్యబోతే చెరువులో బురద తప్ప నీళ్లు లేవు, ఏట్లో ఇసక తప్ప లేదు.

గురమ్మ వచ్చి చీర కుచ్చెళ్లు బిగించి రెండో పిడి పట్టుకుంది.

అన్న గతుక్కుమన్నాడు. "ఒరే ఎల్లాజీ, ఏటిది?" అని నన్ను అడిగాడు. ఆయన నన్ను అడగడమేమిటి, నాకూ అదే ఆశ్చర్యం. గురమ్మ నా వైపు తిరిగి, చెట్టుకి వినపడేలా, నారు సచ్చిపోయాక మర్యాద వండుకు తింటామా అని అడగమంది. అడిగాను. అన్న తలపాగా సవరించుకుని, అవతలి పిడి దగ్గరికి వెళ్లాడు.

చోటు చిక్కు చోటు. నూతికీ, లేచిన వేళ్లకీ మధ్య ఉన్నది బారెడు జాగా. వేళ్ల చక్రం మట్టితో సహా పైకి లేచి గోడలా నిలబడి ఉంది. దాని అడుగున పెద్ద గొయ్యి. అన్న వైపు కాలవ గట్టు అడ్డం రావడంతో ఆయన ఆ గొయ్యి అంచులో కాళ్లు పెట్టి, వేళ్లకి వీపు చేసి నిలబడ్డాడు. గురమ్మ వైపు నేల గట్టిగానే ఉంది. ఆవిడ ముసుగు లాక్కుని, బావగారి మొహం కనపడకుండా తల వేళ్ల వైపు తిప్పుకుంది. ఒకరు ఉత్తరం చూస్తూ, ఒకరు దక్షిణం చూస్తూ రంపం కొయ్యడం నేను అప్పుడే చూశాను. రంపానికి నేను ఆముదం రాశాను. కిరసనాయిలు ఎక్కడుంది, దీపానికే లేదు.

మొదలుపెట్టారు. రంపం రెండు గీతలు గీసి పాములా మెలికలు తిరిగింది. మళ్లీ పెట్టారు, మళ్లీ మెలిక. బెరడు కూడా దాటలేదు. నా ప్రాణం విలవిల్లాడింది. ఆ రంపం అలా వంకర తిరిగితే ఎక్కడో ఒకచోట పటుక్కుమంటుంది. వంగి చూశాను. రోగం వెంటనే తెలిసింది. ఇద్దరూ తోస్తున్నారు.

ఈ రంపంతో లాగడమే గాని తొయ్యకూడదు. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు లాగాలి, అవతలివాళ్ల వంతులో పిడి మీద ఊరికే చేతులుంచాలి. తోస్తే రేకు వంగుతుంది. కాని మా అన్న తాను లాగడం అయిపోయాక పాపం ఆడపిల్ల అంత బరువు లాగలేదని ఇటు తోస్తున్నాడు. గురమ్మ పెద్దాయన చేత బరువు లాగించడమేమిటని అటు తోస్తోంది. ఇద్దరి మర్యాదా మధ్యలో ఉన్న నా రంపం మీద పడింది.

"రంపానికి మర్యాద తెలీదు. తొయ్యకండి" అని అరిచాను.

తొయ్యడం లేదని ఇద్దరూ నాకు చెప్పారు. నిజంగా వాళ్లకి తెలియడం లేదు. అన్నేళ్లు ఒకరికొకరు అడ్డు తొలిగి, ఒకరి కోసం ఒకరు తగ్గి బతికిన మనుషులు. అవతలి మనిషి కష్టపడుతుంటే చేతులు ఊరికే ఉంచడం వాళ్ల ఒంటికి రాదు. నేను పాట ఎత్తుకున్నాను, లెక్క చెప్పాను, బతిమాలాను, చివరికి తిట్టాను. తిట్టినప్పుడు మరీ ఎక్కువ తోశారు. తప్పు తనదేనని ఒకరు, కాదు తనదేనని ఒకరు నా చేత కబుర్లు పంపించుకున్నారు. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మళ్ల వైపు చూస్తే నారు కొసలు పసుపు తిరుగుతున్నాయి.

అప్పుడు ఒక ఉపాయం తోచింది. అన్న దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. నువ్వు తోసినప్పుడల్లా పిడి వచ్చి ఆవిడ అరచేతుల్లో పొడుచుకుంటోందట, బొబ్బలెక్కాయట, పెద్దవారితో ఎలా చెప్పడమని ఊరుకుంటోంది అన్నాను. అన్న మొహం చిన్నబోయింది. చుట్టు తిరిగి గురమ్మ దగ్గరికి వచ్చాను. నువ్వు తోస్తుంటే అన్నకి పాత నడుంనొప్పి తిరగబెట్టిందట, ఆడపిల్ల మీద చెప్పడం బాగోదని భరిస్తున్నాడు అన్నాను. గురమ్మ నాలుక కరుచుకుంది. రెండూ అబద్ధాలే. నిలువునా అబద్ధాలు.

తర్వాత రంపం తిన్నగా నడిచింది. ఒకరి నొప్పి కోసం ఒకరు తొయ్యడం మానేశారు. సర్రు సర్రుమని ఒకే స్వరం. ఎర్రటి పొట్టు రెండు పక్కలా రాలుతోంది. పొట్టులో నేరేడు వాసన, చితికిన పళ్ల వాసన. ఎవరి మొహాలూ కనపడకపోయినా నాలుగు చేతులూ ఒకే మనిషివిలా కదులుతున్నాయి. నాకు కళ్లు చాల్లేదు. ఇలాంటి కోత చూడ్డానికే గదా నేను ఆ రంపం కొన్నాను. మాను సగం దాటాక రేకు బిగుసుకుంటే కోతలో వెదురు మేకు దిగ్గొట్టి వదులు చేశాను. ఇక ఎంతోసేపు పట్టదనిపించింది. మాను తెగగానే లాగించడానికి ఎడ్లు కావాలి గదా. వాళ్లిద్దర్నీ కోస్తూ ఉండమని చెప్పి ఎడ్ల శాల వైపు వెళ్లాను.

మాకెవ్వరికీ తట్టని సంగతి ఒకటుంది. ఆ వేళ్ల చక్రాన్ని పైకి లేపి ఉంచింది మాను బరువే. మాను తెగిపోతే ఆ చక్రం మట్టి బరువుతో తిరిగి తన గోతిలోకి పడుతుంది. ఆ గొయ్యి అంచులోనే అన్న నిలబడి ఉన్నాడు, వేళ్లకి వీపు చేసి. పనిముట్ల గురించి ఇంత మాట్లాడే నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఎడ్లని ఎడం చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచి వస్తున్నాను. దూరంగా రంపం చప్పుడు వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఆగింది. గురమ్మ గొంతు వినపడింది.

"బావగోరూ, ఎనక్కి సూడండి. ఏర్లు కదులుతన్నాయి."

బావగారి మొహం చూడకూడదని తల వేళ్ల వైపు తిప్పుకుని కోస్తోంది గదా. చక్రం మీంచి మట్టి గడ్డలు ఒక్కొక్కటే రాలడం, ఓ లావు వేరు మెల్లగా వంగడం ఆవిడే చూసింది. ఆయన వీపు వెనక జరుగుతున్నది ఆయనకి కనపడదు.

కాని మా అన్న ఏం చేశాడో తెలుసా? వెనక్కి చూడలేదు. ముసుగులోంచి వచ్చిన ఆ గొంతు వినగానే నా కోసం వెతికాడు. ఆవిడ ఏం చెప్పినా నాతోనే చెప్తుంది గదా, తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడేమోనని కుడి వైపు చూశాడు, ఎడమ వైపు చూశాడు. నేను గట్టు మీద ఉన్నాను. ఎడ్లని వదిలేసి అరుస్తూ పరిగెత్తాను గాని నా అరుపు నాకే వినపడలేదు. మాను కిర్రుమంది. అంత భయం నా జన్మలో నాకు ఎప్పుడూ కలగలేదు.

గురమ్మ రంపం వదిలేసింది. ముసుగు వెనక్కి తోసేసింది. మాను మీదుగా వంగి, బావగారి కళ్లలోకి సూటిగా చూస్తూ చెప్పింది.

"మిమ్మల్నే. మీతోటే మాటాడతన్నాను. ఇటు గెంతండి."

అన్న గెంతాడు. అంత వయసు మనిషి మాను మీద చెయ్యి ఆనించి ఆవిడ వైపు వచ్చి పడ్డాడు. మిగిలిన చెక్క పెళ్లున విరిగింది. వేళ్ల చక్రం ఒక్కసారిగా తిరిగి గోతిలో కూలబడింది. నేల అదిరింది. ఆయన కాళ్లు ఉంచిన చోట మోకాలెత్తు మట్టి, వేళ్లు. రంపం ఎగిరి కాలవలో పడింది. మోడు మాత్రం ఏమీ జరగనట్టు తన చోట నిటారుగా నిలబడి ఉంది.

నేను వెళ్లేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని ఉన్నారు. గురమ్మ మళ్లీ ముసుగు వేసుకుంది. అన్న ఆ మట్టి వంక చూస్తున్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియక అన్నని పట్టుకుని ఏడ్చేశాను. నువ్వు ఏడవకురా, నాకేం అవ్వనేదు అని నా వీపు తట్టాడు. అలా తడుతూనే నా భుజం మీదుగా గురమ్మ వైపు చూశాడు. ఆవిడ లేచి కాలవలో దిగి నా రంపం తీసి కొంగుతో తుడిచింది. ఒక పిడి విరిగింది గాని రేకు తిన్నగానే ఉంది. దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఇంత రంపం ఎందుకని మళ్లీ అడగలేదు.

తర్వాత పని సులువైంది. ఎడ్లు మానుని నూతి మీంచి కొమ్మల వైపు లాక్కుపోయాయి. కట్టు రాళ్లు ఇంకో రెండు రాలాయి, అంతే. నూతిలో తేలుతున్న ఆకులూ పళ్లూ అన్న దిగి తట్టతో తోడేశాడు. పొద్దు వాలడానికి ఇంకా టైముంది. అంబలి తాగి పని చేద్దామని నేనంటే ఎవరూ వినిపించుకోలేదు. అన్న నేరుగా ఏతం ఎక్కాడు.

మా పద్ధతి ఏమిటంటే అన్న ఏతం తొక్కుతాడు, నేను బాన పట్టి నీళ్లు గుమ్మరిస్తాను, గురమ్మ పార పట్టుకుని మళ్లలో నిలబడి నీళ్లు తిప్పుకుంటుంది. ఏ మడికి ముందు కట్టాలో ఆవిడ నాకు చెప్తుంది, నేను అన్నకి చెప్తాను. ఆ రోజు నేను ఎడం చేత్తోనే బాన పట్టుకుని నూతి అంచున కూర్చున్నాను. గురమ్మ మళ్ల మధ్య పారతో నిలబడింది. చుట్టూ నారు నేలకి వాలి ఉంది.

అన్న ఏతం దూలం మీద నిలబడి మళ్ల వైపు చూశాడు. "ఒరే ఎల్లాజీ, ఆవిడ్ని..." అని మొదలుపెట్టి ఆపేశాడు. నేను ఎప్పటిలా గురమ్మ వైపు తిరిగి నోరు తెరిచి ఉన్నాను. అన్న నన్ను చూడలేదు.

"గురమ్మా, ఏ మడికి ముందు పెట్టమంటావు?"

ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదలు. గురమ్మ పార కర్ర మీద రెండు చేతులూ వేసింది. నాకు జవాబు చెప్పడానికని నా వైపు తల తిప్పబోయి మానేసింది. ముసుగు కొంచెం వెనక్కి జరుపుకుని పైకి చూసింది.

"ఈ మూల మడికి బావగోరూ. ఇదే బాగా ఎండిపోనాది. మధ్యది రేపటికైనా ఆగుతాది."

"నీ నారు, నువ్వెలా సెప్తే అలాగే" అన్నాడు అన్న.

నా మటుకు నాకు మధ్య మడికే ముందు పెట్టాలనిపించింది. అక్కడ నారు ఒత్తుగా ఉంది. ఆ మాట చెప్పడానికి కాసేపు ఎదురుచూశాను. నన్నెవరూ అడగలేదు. అన్న దూలం మీద నడిచాడు, బాన దిగింది, పైకొచ్చింది. కాలవ వెంట నీళ్లు నల్లటి నేరేడు పళ్లని దొర్లించుకుంటూ పోయి మూల మడిలోకి తిరిగాయి. "ఇంకొంచెం ఇటు వదలండి బావగోరూ" అంది గురమ్మ. అన్న సరేనన్నాడు. ఇంతకాలం నా నోటి మీదుగా నడిచిన మాటలు అవి. ఇప్పుడు నా తల మీదుగా పోతున్నాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, బాన ఖాళీ చెయ్యడం మర్చిపోయాను. అన్న పైనించి తిట్టాడు.